తోక మీద ఎంత బరువు? బూమ్ స్టాండు గురించి మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో వీణ, మృదంగం లాంటి వాటికి పైనుంచి మైకు దించి రికార్డ్ చెయ్యడం ఎలాగో రాశాను కదా, దాని తర్వాత వచ్చిన ఉత్తరాల్లో మైకు గురించి అడిగినవాళ్ళు తక్కువ, స్టాండు గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. రాడ్డు వాలిపోతోంది, స్టాండు పడిపోయింది, ఏం కట్టాలి, ఎంత కట్టాలి అని. అందుకే ఈసారి మొత్తం దానికే ఇచ్చేశాను. బూమ్ స్టాండు అంటే మూడు కాళ్ళ మీద నిలువు పైపు, దాని పైన నాబ్‌తో బిగించిన అడ్డ రాడ్డు, రాడ్డు ముందు కొసకి మైకు, నాబ్ వెనక మిగిలిన ముక్కే తోక.

ప్రశ్న: నమస్తే సార్. నేను రాజమండ్రిలో పిల్లలకి వీణ నేర్పుతాను. పాఠాలు రికార్డ్ చేసి పెట్టుకుందామని మా అబ్బాయి ఒక పెద్ద కండెన్సర్ మైకు, దానికి షాక్ మౌంటు (అదురు మైకుకి తగలకుండా పట్టుకునేది), బూమ్ స్టాండు కొనిచ్చాడు. సాయంత్రం నాబ్ ఎంత గట్టిగా బిగించినా పొద్దున లేచేసరికి రాడ్డు జానెడు కిందికి వాలిపోయి ఉంటోంది. దాని కింద ఉండేది మా అమ్మ వాయించిన బొబ్బిలి వీణ. ప్లయర్ పెట్టి బిగించమని పక్కింటాయన అంటున్నారు, బిగించొచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఆ వీణని రాడ్డు కింద నుంచి తీసి పక్కన పెట్టేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. మీది ఏకాండి వీణ అయ్యుంటే దండి, కుండ అంతా ఒకే పనస దుంగలోంచి తొలిచింది కాబట్టి దెబ్బ తగిలి పగిలితే ఆ ముక్క ఒక్కటీ మార్చుకునే వీలుండదు. వాయించేటప్పుడు తప్ప ఆ స్టాండు కింద వీణ ఉండకూడదు, ఇది బ్యాలెన్స్ చేసిన స్టాండుకి కూడా వర్తిస్తుంది.

ప్లయర్ మాత్రం వద్దండి. ఆ నాబ్ లోపల ఏముంటుందంటే రెండు బిళ్ళలు, వాటి మధ్య ఒక రబ్బరో ప్లాస్టిక్కో వాషరు, మీరు బిగించినప్పుడు ఆ రెండూ వాషర్ని నొక్కి పట్టుకుంటాయి, ఆ రాపిడి మీదే మొత్తం రాడ్డు, మైకు ఆగుతాయి. రబ్బరు అనేది బరువు మోస్తూ ఉంటే గంటలు గడిచేకొద్దీ మెల్లగా జరుగుతూనే ఉంటుంది, అందుకే మీరు చూస్తున్నప్పుడు బాగానే ఉండి తెల్లారేసరికి వాలి ఉంటోంది. ప్లయర్ పెడితే వాషరు చితికిపోతుంది, మరలు అరిగిపోతాయి, పది రోజులు ఆగుతుంది, పదకొండో రోజున ఒక్కసారిగా వదిలేస్తుంది. మెల్లగా వాలడమే నయం.

నా లెక్కలో బిగించడం వేరు, బ్యాలెన్స్ చెయ్యడం వేరు. నాబ్ బరువు మొయ్యడానికి కాదు, ఉన్నచోట ఉంచడానికి. బరువు మొయ్యాల్సింది అవతల వైపు తోక మీద ఉండే కౌంటర్ వెయిట్. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఏతం చూసి ఉంటే వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, పొడుగాటి దూలానికి ఒక పక్క బాన వేలాడుతుంది, ఇంకో పక్క రాయి కట్టి ఉంటుంది, నీళ్ళతో నిండిన బానని పైకి తెచ్చేది ఎక్కువగా ఆ రాయే. రాయి పొట్టి వైపు ఉంటుంది కాబట్టి పెద్దది కట్టేవాళ్ళు. మీ బూమ్ కూడా అచ్చం అదే.

ఇప్పుడు లెక్క. కష్టమేమీ కాదు, బరువుని దూరంతో గుణించడమే. వంటింటి కాటా మీద మైకు, షాక్ మౌంటు కలిపి పెట్టి చూడండి. 800 గ్రాములు అనుకుందాం. రాడ్డు మొత్తం 100 సెంటీమీటర్లు, దాని సొంత బరువు 600 గ్రాములు అనుకుందాం. నాబ్ నుంచి మైకు వైపు 75, తోక వైపు 25 ఉందనుకోండి. మైకు లాగుడు 800 × 75 = 60,000. రాడ్డు బరువు దాని నడిమధ్యలో ఉన్నట్టు లెక్క, ఆ మధ్య నాబ్ నుంచి 25 సెంటీమీటర్లు ముందుకి ఉంది కాబట్టి 600 × 25 = 15,000. రెండూ కలిపితే 75,000. దీన్ని 25 సెంటీమీటర్ల తోకతో ఆపాలంటే 75,000 ÷ 25, అంటే 3,000 గ్రాములు. మూడు కిలోలు! 800 గ్రాముల మైకు కోసం.

చాలామంది ఇక్కడే భయపడి వదిలేస్తారు, కానీ రాడ్డుని నాబ్ లోంచి వెనక్కి జరిపి చూడండి (చాలా స్టాండ్లలో జరుగుతుంది), ముందు 60, వెనక 40 పెట్టండి. ఇప్పుడు మైకు 800 × 60 = 48,000, రాడ్డు మధ్య నాబ్‌కి 10 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి 600 × 10 = 6,000, మొత్తం 54,000. దాన్ని 40 తో భాగిస్తే 1,350 గ్రాములు. పదిహేను సెంటీమీటర్లు జరిపినందుకు మూడు కిలోలు కాస్తా సగం కన్నా తక్కువకి వచ్చింది. అందుకే నేనెప్పుడూ చెప్పేది, బరువు కొనేముందు రాడ్డు జరపండి, స్టాండుని వీణకి ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకోండి.

చెయ్యడం ఎలాగంటే, ఇద్దరు ఉండండి. ఒకరు రాడ్డుని చేత్తో పట్టుకోవాలి, వదలకూడదు. మైకు కేబుల్ కూడా తగిలించేసి రాడ్డు వెంబడి రెండుమూడు చోట్ల వెల్క్రో పట్టీతో కట్టేయండి, కేబుల్‌కి కూడా బరువుంటుంది కాబట్టి దాన్ని ఆఖర్న తగిలిస్తే చేసిన లెక్క తప్పుతుంది. తర్వాత తోక మీద బరువు బిగించి, నాబ్ అర చుట్టు వదులు చేసి, చేతిలో ఎటు లాగుతోందో చూడండి. మైకు వైపు లాగితే బరువు ఇంకా వెనక్కి, తోక వైపు లాగితే ముందుకి. ఎక్కడ వదిలితే అక్కడే ఆగిపోయే చోటు ఒకటి దొరుకుతుంది. అప్పుడు రెండు వేళ్ళతో నాబ్ తిప్పండి చాలు. ఒకసారి అలా కుదిరిందంటే రాడ్డు అడ్డంగా ఉన్నా ఏటవాలుగా ఉన్నా ఆగుతుంది, ఎందుకంటే వంపు మారినప్పుడు రెండు వైపులా దూరాలు ఒకే పాళ్ళలో తగ్గుతాయి.

ఇంకొక్కటి. నాబ్ మీకు ఎదురుగా ఉండేలా నిలబడితే మైకు మీ కుడిచేతి వైపు ఉండాలి. అలా ఉంటే రాడ్డు ఒకవేళ వాలినా నాబ్ బిగుసుకునే వైపే తిరుగుతుంది. ఎడమ వైపు పెడితే వాలేకొద్దీ వదులవుతుంది. పైసా ఖర్చు లేని పని ఇది, ఎవరూ చెప్పరు.

ప్రశ్న: అన్నా, మాది వరంగల్ దగ్గర. చర్చిలో క్వయర్‌కి ఒక బూమ్ స్టాండు పెడతాం, కౌంటర్ వెయిట్ లేదు. క్రిస్మస్ ప్రాక్టీసుకి మూడు వారాలు అదే స్టాండు, అదే మైకు, అదే పొడుగు, ఏమీ కాలేదు. క్రిస్మస్ రోజు పొద్దున పెట్టి చేయి తీశానో లేదో ముందుకి పడిపోయింది. అన్నీ అవే ఉన్నప్పుడు ఆ రోజే ఎందుకు పడింది?

జవాబు: తమ్ముడూ, అన్నీ అవే కాదు, కాళ్ళు మారాయి. నువ్వు ఆ రోజు స్టాండు తెచ్చి నిలబెట్టినప్పుడు మైకు రెండు కాళ్ళ మధ్య సందులోకి వచ్చుంటుంది, అంతకుముందు ఒక కాలికి సరిగ్గా పైన ఉండి ఉంటుంది.

మూడు కాళ్ళ స్టాండు ఎప్పుడూ కాలి మీదుగా పడదు, రెండు కాళ్ళ కొసల్ని కలిపే గీత మీదుగా పడుతుంది. ముగ్గు వేసినట్టు నేల మీద గీసి చూడు, మధ్యలో చుక్క పెట్టి దాని చుట్టూ సమానంగా మూడు కాళ్ళు, కొసలు కలిపితే త్రిభుజం. మధ్య నుంచి కాలి కొసకి 30 సెంటీమీటర్లు ఉంటే, మధ్య నుంచి ఆ గీతకి 15 మాత్రమే, సరిగ్గా సగం. అంటే మైకు సందులో ఉంటే నీ స్టాండుకి ఉన్న ఆసరా సగమే.

పై ఉత్తరంలో చెప్పిన మైకు, రాడ్డే తీసుకుందాం, ముందుకి 75 సెంటీమీటర్లు. స్టాండు అడుగు, పైపు కలిపి 3 కిలోలు అనుకో. మైకు కాలి మీద ఉన్నప్పుడు స్టాండుని నిలబెట్టే శక్తి 3,000 × 30 = 90,000. పడగొట్టేది మైకు ఒక్కటే, అది కాలి కొస దాటి 45 సెంటీమీటర్లు బయటికి ఉంది, 800 × 45 = 36,000. హాయిగా నిలబడుతుంది. అదే సందులో పెడితే నిలబెట్టేది 3,000 × 15 = 45,000, పడగొట్టేది మైకు 800 × 60 = 48,000, రాడ్డు ఇంకో 600 × 10 = 6,000, మొత్తం 54,000. పడాల్సిందే. ఎవరూ తాకక్కర్లేదు, గాలి కూడా అక్కర్లేదు. నీ తప్పు బిగించడంలో లేదు, తిప్పడంలో ఉంది, అందుకని బాధపడకు, కానీ ఇకనుంచి స్టాండు పెట్టగానే మొట్టమొదట కిందకి చూడు, మైకు వైపు ఒక కాలు ఉందా లేదా అని.

కౌంటర్ వెయిట్ కడితే ఈ బాధ ఇంకా తగ్గుతుంది, రెండు వైపులా సమానం అయ్యాక మొత్తం బరువు మధ్య పైపు మీదుగా నేరుగా కిందికి దిగుతుంది, ఏ పక్కకీ లాగదు. కానీ అక్కడితో ఆగిపోకూడదు. ఆరడుగుల ఎత్తున నాలుగు కిలోలు పెట్టావు కదా, ఇప్పుడది తలబరువు స్టాండు, దానంతట అది పడదు గానీ ఎవరైనా భుజం తగిలిస్తే, పిల్లాడు కేబుల్ కాలికి చుట్టుకుని పరిగెడితే పోతుంది. అందుకని కింద కాళ్ళ మీద, మధ్య పైపుకి ఆనించి ఒక ఐదు కిలోల ఇసుక సంచి వెయ్యాలి. పైన ఎంత బరువు పెంచితే కింద అంతకన్నా ఎక్కువ పెంచాలి.

నేను ఇది నేర్చుకున్న తీరు చెప్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక గుడి ఉత్సవంలో సన్నాయి మేళం రికార్డ్ చేస్తున్నా. పైన బ్యాలెన్స్ అంతా శుభ్రంగా చేశాను, కింద సంచి వెయ్యలేదు, ఇసుక ఎక్కడ దొరుకుతుందిలే అని. ఊరేగింపు బయల్దేరేటప్పుడు జనం తోసుకొచ్చి ఎవరి కాలో కేబుల్‌కి తగిలింది, స్టాండు వెళ్ళి డోలు మీద పడి మూత చిరిగిపోయింది. ఆ డోలాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఊరేగింపంతా డోలు చంకన పెట్టుకుని మేళం వెనక నడిచాడు. ఆ రోజు నుంచి నా బండిలో ఖాళీ సంచులు రెండు ఎప్పుడూ ఉంటాయి, ఇసుక దొరకని చోట మట్టి, మట్టి లేని చోట కల్యాణ మండపం వంటశాలలో బియ్యం అడిగి పోసుకున్నాను, పని అవ్వగానే తిరిగి ఇచ్చేశాను.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నా అన్నా. జానపద పాటలు ఇంట్లోనే రికార్డ్ చేసి పెడుతుంటాం. కంపెనీ కౌంటర్ వెయిట్ దొరకట్లేదు, దొరికినా రేటు ఎక్కువ ఉంది. ఇటుక కట్టొచ్చా? వాటర్ బాటిల్ కట్టొచ్చా?

జవాబు: ఇటుక వద్దు తమ్ముడూ, అంచులు తాడుని కోస్తాయి, పొడి రాలుతుంది, జారితే కాలి వేళ్ళు పోతాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది స్పోర్ట్స్ షాపులో దొరికే యాంకిల్ వెయిట్, ఎక్సర్‌సైజ్ చేసేవాళ్ళు కాలి చీలమండకి చుట్టుకునేది, అర కిలో, కిలో, రెండు కిలోల్లో వస్తుంది, లోపల ఇసుకో ఇనుప గుళ్ళో ఉంటాయి, పైన గుడ్డ, వెల్క్రో పట్టీ. రాడ్డు చుట్టూ రెండుసార్లు చుట్టి లాగి అతికించావంటే కదలదు, చప్పుడు చెయ్యదు, పని అయ్యాక విప్పేసుకోవచ్చు. ఒకటి చాలకపోతే దాని మీదే ఇంకోటి.

జిమ్ ప్లేట్ కూడా పనికొస్తుంది, 1.25 కిలోలు, 2.5 కిలోలవి, కానీ వాటి బెజ్జం రాడ్డు కన్నా పెద్దగా ఉంటుంది, అలాగే తొడిగితే పాట మధ్యలో టింగుమంటుంది, అది మైకులోకి పోతుంది. రాడ్డుకి సైకిల్ ట్యూబు ముక్క బిగుతుగా చుట్టి దాని మీద ప్లేటు ఎక్కించి, ముందొకటి వెనకొకటి హోస్ క్లిప్ బిగించు, హార్డ్‌వేర్ షాపులో పది ఇరవై రూపాయల సామాను. వెనక క్లిప్ మాత్రం ఏది కట్టినా సరే మానొద్దు, రాడ్డు తోక కిందికి వంగి ఉన్నప్పుడు బరువు జారి బయటికి రాకుండా ఆపేది అదే. కిరాణా కొట్టు తూకం రాళ్ళు కూడా గుడ్డలో మూటగట్టి కట్టినవాళ్ళున్నారు, బరువు కచ్చితంగా తెలుస్తుంది, అదొక లాభం.

నీళ్ళ బాటిల్ గురించి అడిగావు, అది నేనూ వాడాను, కానీ రికార్డింగ్‌కి కాదు, లెక్క తేల్చుకోడానికి. లీటరు నీళ్ళు కిలో కదా, పెద్ద బాటిల్ని తోకకి తాడుతో వేలాడదీసి కొంచెం కొంచెం నీళ్ళు పోస్తూ ఎక్కడ రాడ్డు సమంగా నిలబడుతుందో చూసి, ఆ బాటిల్ని కాటా మీద పెడితే ఎన్ని గ్రాములు కావాలో తేలిపోతుంది. గుణకారం కూడా అక్కర్లేదు. కానీ పాడేటప్పుడు అలాగే ఉంచితే అది ఊగుతుంది, దాని ఊపు రాడ్డులోకి, రాడ్డు నుంచి మైకులోకి. పైగా కరెంటు సామాను ఉన్న గదిలో నీళ్ళు ఎందుకు.

ప్రశ్న: సర్, రికార్డింగ్ అయిపోయాక మైకు విప్పుతుంటే తోక దబ్బున కిందికి దిగి రాడ్డు ముందు కొస పైకి లేచి తిరుగుతున్న ఫ్యానుకి తగిలింది. మైకు అప్పటికే నా చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది, రెక్క ఒకటి వంగింది. మేం నెల్లూరులో చిన్న గదిలో చేస్తాం. దీన్ని ఎలా ఆపాలి?

జవాబు: మీకేం కాలేదు, అది చాలు. ఇది కౌంటర్ వెయిట్ వాడేవాళ్ళు అందరూ తెలుసుకోవాల్సిన ప్రమాదం, మైకు తీసేస్తే ఆ పక్క ఖాళీ, ఈ పక్క కిలోన్నర అలాగే ఉంది, ఇందాక రెండు వేళ్ళతో బిగించిన నాబ్ దాన్ని ఆపలేదు. కాబట్టి విప్పేటప్పుడు ఫ్యాన్ ఆపండి, మధ్య పైపు పూర్తిగా కిందికి దించండి, ఒకరు రాడ్డు పట్టుకుని ఉండగా ముందు తోక బరువు తియ్యండి, తర్వాత మైకు విప్పండి, అప్పటిదాకా పట్టుకున్న చెయ్యి వదలొద్దు. పెట్టేటప్పుడు దీనికి తిరగేసి, ముందు మైకు, తర్వాత బరువు. ఒక్కరే ఉంటే మైకు ఉన్న కొసని మంచం మీదో కుర్చీ మీదో ఆనించి చెయ్యండి. రాడ్డు కొస ఫ్యాను రెక్కల కిందికి అసలు రాకుండా స్టాండు చోటు మార్చుకోండి, చిన్న గదైనా ఏదో ఒక మూల దొరుకుతుంది.

ప్రశ్న: అంకుల్, డాలస్‌లో ఉంటాం. ఇక్కడ మా తెలుగు వాళ్ళ ఉగాది ప్రోగ్రాంకి ఇండియా నుంచి తెచ్చిన షాక్ మౌంట్ ఇక్కడి బూమ్‌కి ఎక్కట్లేదు. బరువులు కూడా ఇండియా నుంచే తెప్పించుకోవాలా?

జవాబు: మర తేడా అమ్మా. అమెరికా స్టాండ్లకి 5/8 అంగుళం మర, యూరప్ వాటికి 3/8 అంగుళం. మీ షాక్ మౌంట్ 3/8 అయ్యుంటుంది. మౌంట్ మర లోపల ఇత్తడి అడాప్టర్ ఉందేమో చూడు, బొటనవేలంత కూడా ఉండదు, ఉంటే నాణెంతో విప్పెయ్, 5/8 మర బయటపడుతుంది, విప్పినదాన్ని దాచుకో, పోతుంటాయి. లేకపోతే మ్యూజిక్ షాపులో 5/8 స్టాండుకి 3/8 మౌంట్ ఎక్కించే అడాప్టర్ అడుగు. ఆ అడాప్టర్‌ని పూర్తిగా బిగించు, లేకపోతే మైకు తిప్పినప్పుడల్లా అది కూడా తిరిగి వదులవుతుంది. బరువులు సూట్‌కేసులో మొయ్యడం ఎందుకు, పైన కరీంనగర్ జవాబు చూడు, అవన్నీ మీ ఊళ్ళోనూ దొరుకుతాయి.

ప్రశ్న: టేబుల్‌కి బిగించే స్ప్రింగు ఆర్మ్‌కి కూడా కౌంటర్ వెయిట్ కట్టాలా? హైదరాబాద్‌లో పాడ్‌కాస్ట్ చేస్తాను, ష్యూర్ ఎస్‌ఎం7బీ మైకు పెట్టగానే వాలిపోతోంది.

జవాబు: కట్టొద్దు. అందులో బరువు చేసే పని స్ప్రింగులు చేస్తాయి. 1932లో ఇంగ్లండ్‌లో జార్జ్ కార్వర్డైన్ అనే ఇంజినీరు స్ప్రింగులతో నిలబడే టేబుల్ లైటుకి పేటెంట్ తీసుకున్నాడు, మీ ఆర్మ్ దాని వంశమే. ప్రతి స్ప్రింగుకీ ఇంతనుంచి ఇంతవరకు అని ఒక బరువు హద్దు ఉంటుంది, ఎస్‌ఎం7బీ దాదాపు 766 గ్రాములు, తేలిక మైకుల కోసం చేసిన ఆర్మ్ దాన్ని మొయ్యలేదు. టెన్షన్ స్క్రూ ఉంటే బిగించి చూడండి, లేకపోతే ఆ బరువు మోస్తానని పెట్టె మీద రాసి ఉన్న ఆర్మ్ కొనుక్కోండి, వేరే దారి లేదు.

ప్రశ్న: నేను హరికథ చెప్తానండి, పశ్చిమ గోదావరి. నాకు మామూలు ఎస్‌ఎం58 మైకు, పొట్టి బూమ్. మా మైక్‌సెట్ కుర్రాడు ఈ మధ్య దానికి కూడా వెనక రాయి కట్టాలంటున్నాడు. కట్టాలా?

జవాబు: అక్కర్లేదు భాగవతార్ గారూ. ఆ మైకు 298 గ్రాములు, పొట్టి బూమ్ మీద దాన్ని మంచి నాబ్ ఏదైనా మోస్తుంది. మీరు చిడతలతో, గజ్జెలతో అటూ ఇటూ తిరుగుతారు కాబట్టి వెనక పొడుచుకొచ్చిన తోక, దాని మీద రాయి మీ మోచేతికో వెనక మృదంగం ఆయన తలకో తగిలే ప్రమాదమే ఎక్కువ. రాడ్డు వాలుతుంటే లోపలి వాషరు మార్పించండి, మైకు వైపు ఒక కాలు ఉండేలా తిప్పించండి. ఆ కుర్రాణ్ణి మాత్రం కోప్పడకండి, స్టాండు పడుతుందేమో అని ముందే ఆలోచించే మైక్‌సెట్ కుర్రాడు దొరకడం కష్టం. అతన్ని ఆ రాయి తోకకి కాకుండా కింద కాళ్ళ మీద పెట్టమనండి.